పీయూసీ పరీక్షల ముందు ఇంటిగ్రేషన్‌తో జాగ్రత్త

జనవరి దాటిందంటే బెంగళూరులో మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ లిఫ్టులో తెలుగు తల్లుల మాట ఒకటే: "సెకండ్ పీయూసీ అండీ, మావాడికి ఇంటిగ్రేషనంటే టెన్షన్. కాస్త చూడరూ?" పీయూసీ అంటే ఇక్కడి ఇంటర్. చూస్తూనే ఉన్నాను. పద్ధతి రాక పోయే మార్కులు తక్కువే. వచ్చిన పద్ధతినే తొందరపడి వాడి పోగొట్టుకునేవి ఎక్కువ.

మొన్న ఒకబ్బాయి మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని 1 బై ఎక్స్ స్క్వేర్‌ని మైనస్ 1 నుంచి 1 దాకా ఇంటిగ్రేట్ చేశాడు. మైనస్ 1 బై ఎక్స్ రాశాడు, లిమిట్లు వేశాడు, మైనస్ 2 అని కింద రెండు గీతలు కూడా గీశాడు.

"గ్రాఫ్ ఎక్కడుంటుంది నాన్నా?"

"ఎక్స్ యాక్సిస్‌కి పైనే ఆంటీ."

"మరి ఇంటిగ్రల్ అంటే గ్రాఫ్ కింది వైశాల్యమేగా, పైనున్నదాని వైశాల్యం మైనస్ ఎలా అయింది?"

పెన్ను ఆగింది. సున్నా దగ్గర ఆ ఫంక్షన్‌కి విలువే లేదు, గ్రాఫ్ ఆకాశానికి ఎగబాకుతుంది. అక్కడ ఫార్ములా చెల్లదు, ఆ ఇంటిగ్రల్‌కి విలువే ఉండదు. లిమిట్లు కనబడగానే, ఆ మధ్యలో ఎక్కడైనా హారం సున్నా అవుతుందేమో ముందు చూసుకోండి.

సబ్‌స్టిట్యూషన్‌లో ఇంకో గుంట ఉంది. 2ఎక్స్‌ని 'ఈ పవర్ ఎక్స్ స్క్వేర్'తో గుణించి 0 నుంచి 2 దాకా ఇచ్చారనుకోండి. ఎక్స్ స్క్వేర్‌ని టీ అన్నాక లిమిట్లు 0, 4 అవ్వాలి. పాత 2నే ఉంచేస్తే 'ఈ పవర్ 4 మైనస్ 1' రావలసిన చోట 'ఈ పవర్ 2 మైనస్ 1' వస్తుంది. చూడ్డానికి రెండూ నిజంలాగే ఉంటాయి, అదే చిక్కు. ఇదే లెక్కను ఎక్కించుకునేటప్పుడు ముందున్న 2ఎక్స్ వదిలేశారో, తెల్లారేదాకా కూర్చున్నా తేలదు. మనకు తెలిసిన మామూలు ఫంక్షన్లలో దానికి జవాబే లేదు. లెక్క మొండికేస్తే ప్రశ్న సరిగ్గా దించుకున్నారో లేదో చూడండి.

పార్షియల్ ఫ్రాక్షన్లకి ముందు లవం డిగ్రీ హారం డిగ్రీ కంటే తక్కువుందా? లేకపోతే భాగించాకే మొదలుపెట్టండి. బై పార్ట్స్‌లో ముందు దేన్ని తీసుకోవాలో ఐలేట్ వరస (ఇన్వర్స్, లాగ్, ఆల్జీబ్రా, ట్రిగ్, ఎక్స్‌పొనెన్షియల్) చాలు.

సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌కి మీకు సైన్ స్క్వేర్ బై 2 వచ్చి, పుస్తకంలో మైనస్ కాస్ స్క్వేర్ బై 2 ఉంటే కొట్టేయకండి. వాటి మధ్య తేడా అర, అది జవాబు చివర రాసే స్థిరాంకం సీలో కలిసిపోతుంది. అనుమానమైతే మీ జవాబుని డిఫరెన్షియేట్ చేయండి. ప్రశ్న తిరిగొస్తే సరే.

కర్ణాటక ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష కేసీఈటీలో లెక్కల పేపర్‌కి 60 ప్రశ్నలకి 80 నిమిషాలే, నెగెటివ్ మార్కులుండవు. లిమిట్లు లేని ప్రశ్నైతే ఆప్షన్లనే డిఫరెన్షియేట్ చేసి చూడటం చాలాసార్లు త్వరగా తేలుతుంది. జేఈఈ మెయిన్‌లో తప్పుకి 1 మార్కు పోతుంది, అక్కడ గుడ్డిగా గుర్తు పెట్టొద్దు.

ఆ డైనింగ్ టేబుల్ అబ్బాయి ఇప్పుడు లిమిట్లు చూడగానే హారంలో సున్నా వెతుకుతున్నాడు. ప్లస్ సీ మాత్రం ఇంకా మర్చిపోతూనే ఉన్నాడు.