ఫార్మాట్ కొట్టే ముందు ఈ ఫోల్డర్లు చూడండి

మిర్చి సీజన్‌కి ముందు యార్డు కమీషన్ కొట్ల నుంచి కంప్యూటర్లు మా షాపుకి వస్తాయి. "స్లో అయిపోయిందండీ, ఫార్మాట్ కొట్టి ఇచ్చేయండి" అంటారు, అంటే డిస్క్‌లోదంతా చెరిపేసి విండోస్ మళ్లీ వేయమని. గుంటూరు బ్రాడీపేటలో రిపేరు షాపు పెట్టినప్పటి నుంచి నేను ముందుగా అడిగేవి రెండే. లెక్కలు ఏ సాఫ్ట్‌వేర్‌లో రాస్తున్నారు? ఈ కంప్యూటర్‌లో లాగిన్లు ఎన్ని ఉన్నాయి? డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ తీసుకుంటే చాలదు. టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క అక్కడ ఉండకపోవచ్చు.

ఎందుకో చెప్తాను. ప్రోగ్రామ్ ఫైల్స్ అనే ఫోల్డర్ విండోస్ 95తో వచ్చింది. అప్పటి విండోస్‌లో ఫలానా ఫోల్డర్‌లో రాయకూడదన్న కాపలా లేదు. అందుకే చాలా సాఫ్ట్‌వేర్లు ప్రోగ్రామ్ పక్కనే డేటా ఫైలు కూడా పెట్టేసేవి. 2007లో విండోస్ విస్టా వచ్చాక, మామూలు హక్కులతో నడిచే ప్రోగ్రామ్ అక్కడ రాయడం కుదరకుండా పోయింది. వైరస్‌ల బాధ చూసినవాళ్లకి అది ఎంత అవసరమో తెలుసు. కానీ పాత ప్రోగ్రాములు ఒక్కసారిగా ఆగిపోతే ఎలా? అందుకని విండోస్ ఆ రాతని దారి మళ్లిస్తుంది. ప్రోగ్రామ్ తన ఫోల్డర్‌లోనే రాశాననుకుంటుంది. ఫైలు మాత్రం లాగిన్ అయిన మనిషి సొంత ఫోల్డర్‌లో, వర్చువల్‌స్టోర్ అనే చోట పడుతుంది. విండోస్ 10, 11లోనూ పాత 32 బిట్ ప్రోగ్రాములకి ఇదే ఏర్పాటు.

వెతకడం కష్టమేమీ కాదు. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో పర్సెంట్ గుర్తు, లోకల్‌యాప్‌డేటా, మళ్లీ పర్సెంట్ గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి. తెరుచుకున్న చోట వర్చువల్‌స్టోర్ ఉంటే, దాని లోపల ప్రోగ్రామ్ ఫైల్స్ పేరుతోనే మరో ఫోల్డర్, అందులో మీ సాఫ్ట్‌వేర్ పేరు కనిపిస్తాయి. ఫైళ్ల తేదీలు చూడండి. నిన్నటి తేదీ ఇక్కడుండి, అసలు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఎప్పటిదో పాత తేదీ ఉంటే, మీ లెక్కలు ఇక్కడున్నట్టే.

లాగిన్ల సంగతి ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఈ ఫోల్డర్ మనిషికొకటి. గుమస్తా తన లాగిన్‌లో రాసిన పద్దులు షావుకారు లాగిన్‌లో కనిపించవు. డబ్బు లెక్క తేలక ఒకరినొకరు అనుమానించుకునేదాకా వెళ్తుంది, నిజానికి అక్కడ ఎవరి తప్పూ ఉండదు. ఎవరైనా రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని తెరిస్తే మూడో కాపీ పుడుతుంది. అప్పుడు దారి మళ్లింపు ఉండదు, రాత నేరుగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకే పోతుంది. కాబట్టి ప్రతి లాగిన్‌లోకీ వెళ్లి చూడండి, దొరికిన కాపీలన్నీ విడివిడి ఫోల్డర్లలో పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. ఏది సరైనదో ఆ లెక్కలు రాసిన మనిషే చెప్పాలి, మీరు ఊహించి ఒకదాని మీద ఇంకొకటి వేయకండి. మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ పాత సాఫ్ట్‌వేర్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా సీ డ్రైవ్‌లోనే విడిగా ఒక ఫోల్డర్‌లో వేస్తే ఈ గొడవ ఉండదు.

డిస్క్‌లో చోటు ఖాళీ చేద్దామని విండోస్ ఫోల్డర్ లోపలి సిస్‌వావ్64ని చెరిపేయబోయేవాళ్లకి ఒక మాట. 64 బిట్ విండోస్‌లో 64 బిట్ ఫైళ్లుండేది సిస్టమ్32లో, 32 బిట్ ఫైళ్లుండేది సిస్‌వావ్64లో. పేర్లు తిరగబడ్డట్టుంటాయి, కానీ అప్పటికే లెక్కలేనన్ని ప్రోగ్రాములు సిస్టమ్32 అన్న పేరునే నమ్ముకుని ఉండడంతో దాన్ని మార్చలేదు. రెండింటిలో దేన్నీ ముట్టుకోవద్దు.

ఇంజనీరింగ్ పిల్లలు తెచ్చే ఉబుంటు లాప్‌టాప్‌లలో తంతు వేరు, అందులో ఉండేది విండోస్ కాదు, లినక్స్. బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని మనకి తెలుసు కదా, లినక్స్ పాత్‌ని, అంటే ఫైలు చిరునామాని, కూడా అలాగే ఎడమ నుంచి చదవాలి. ప్రోగ్రాములుండే ఫోల్డర్లు స్లాష్ బిన్, స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ బిన్ అని రెండు చోట్లు ఎందుకంటే, 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ వాళ్ల యూనిక్స్ (లినక్స్‌కి మూలమైన సిస్టమ్) మెషీన్‌లో మొదటి డిస్క్ నిండిపోయింది. వాడేవాళ్ల ఫైళ్ల కోసం పెట్టుకున్న యూఎస్ఆర్ డిస్క్‌లోకి ప్రోగ్రాములు పొంగిపోయాయి. డిస్క్‌లు పెద్దవయ్యాయి గానీ ఆ విభజన దశాబ్దాలు నిలిచిపోయింది. 2012లో ఫెడోరా 17 అనే మరో లినక్స్ రెండింటినీ కలిపేసింది. ఉబుంటులో 19.04 నుంచి కొత్త ఇన్‌స్టాల్‌లన్నీ అంతే. స్లాష్ బిన్ ఇప్పుడు యూఎస్ఆర్ లోపలి బిన్‌కి దారి చూపించే లింకు మాత్రమే.

మీరు రాసుకున్న స్క్రిప్ట్‌ని (కమాండ్ల ఫైలుని) యూఎస్ఆర్ బిన్‌లో పెట్టకండి. అది ప్యాకేజీల చోటు, అంటే ఉబుంటు తానే వేసి అప్‌డేట్ చేసే సాఫ్ట్‌వేర్ మూటలది, అప్‌డేట్‌లో అదే పేరుతో ఇంకో ఫైలొస్తే మీది పోతుంది. అందరికీ పనికొచ్చేదైతే యూఎస్ఆర్ లోకల్ బిన్‌లో, మీ ఒక్కరికైతే హోమ్‌లోని డాట్ లోకల్ లోపలి బిన్‌లో పెట్టండి. ఈ రెండో ఫోల్డర్ కొత్తగా చేసుకుంటే ఒకసారి లాగౌట్ అయి రండి, అప్పుడే ఉబుంటు దాన్ని కమాండ్లు వెతికే చోట్ల జాబితాలో (దాన్నీ పాత్ అనే అంటారు) చేర్చుకుంటుంది.

తెలియని ఫైలు కనిపిస్తే చెరిపే ముందు టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) డీపీకేజీ, హైఫన్, పెద్ద ఎస్, తర్వాత ఫైలు పూర్తి పాత్ కొట్టండి. ప్యాకేజీ పేరొస్తే ఆ ఫైలు జోలికి వెళ్లకండి. రాలేదంటే వెంటనే చెరిపేయకండి. ఉబుంటు 22.04లో ఎల్ఎస్ లాంటి కమాండ్‌ని యూఎస్ఆర్ బిన్ పాత్‌తో అడిగితే ఎవరిదీ కాదంటుంది, ఎందుకంటే ప్యాకేజీ జాబితాలో ఇంకా పాత స్లాష్ బిన్ చిరునామాయే రాసుంది. కొట్టే పాత్‌లోంచి స్లాష్ యూఎస్ఆర్ అన్న మాట మాత్రం తీసేసి మళ్లీ అడగండి. రెండు చిరునామాలకీ కాదన్నప్పుడు, కాపీ తీసుకుని చెరపండి.