ఎండల జిల్లాలో ఎం.ఎస్. ఉన్నవారు వ్యాయామం చేసే పద్ధతి

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉన్నవారిలో మెదడు, వెన్నుపాము నరాలను కప్పి ఉండే మైలిన్ పొర దెబ్బతింటుంది. ఆ పొర పోయిన నరం వేడికి ఓర్చుకోలేదు. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా కొందరికి చూపు మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. వ్యాయామం తర్వాత కలిగే ఈ మసకను 1890లో జర్మన్ కంటి వైద్యుడు ఊట్‌హాఫ్ వివరించాడు. దానికి జడిసి చాలాకాలం వైద్యులే వ్యాయామం వద్దనేవారు. నిజానికి ఒళ్లు చల్లబడగానే ఆ ఇబ్బంది తగ్గిపోతుంది, నరానికి కొత్తగా హాని జరగదు. కాబట్టి నల్లగొండ, పాలమూరు ఎండల్లో మానుకోవలసింది వ్యాయామాన్ని కాదు, వేళగాని వేళ చేయడాన్ని.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఈ ప్రాంతంలో తెల్లవారుజామే తగిన సమయం. పగలంతా కాగిన డాబా స్లాబు రాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది గనుక సాయంత్రాన్ని నమ్ముకోవద్దు. మొదలుపెట్టే ముందు చన్నీళ్ల స్నానం చేసి, మెడకు తడి తువ్వాలను గట్టిగా పిండి చుట్టుకోవాలి. నీళ్లు కారితే నాపరాళ్ల మీద కాలు జారుతుంది. మాటిమాటికీ మూత్రం వస్తుందని కొందరు నీళ్లు తాగడం తగ్గిస్తారు. అది పొరపాటు.

లక్షణాలు ఒక మోస్తరుగా ఉన్న పెద్దవారు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున మధ్యస్థమైన శ్రమ, మరో రెండుసార్లు కండబలానికి వ్యాయామం చేయాలన్నది సాధారణ సలహా. అరగంటను పది నిమిషాల ముక్కలుగా చేసుకున్నా ఫరవాలేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. శ్రమకు అదే కొలత.

కాళ్ల బలానికి కుర్చీలోంచి లేచి కూర్చోవడాన్ని మించినది లేదని నా అభిప్రాయం. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జారుతుంది, అందువల్ల బరువైన చెక్క కుర్చీని గోడకు ఆనించి, పాదాలను మోకాళ్లకన్నా కాస్త వెనక్కి తెచ్చి, ముందుకు వంగి లేవాలి. కూర్చునేటప్పుడు ధబాలున పడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. అయిదారుసార్లు చేసి ఆగండి. పిక్కలు బిగుసుకుపోయేవారు గోడకు చేతులు ఆనించి, మడమ నేలను వదలకుండా అరనిమిషం సాగదీయాలి. కుదుపు పనికిరాదు.

ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మర్రిగూడ, మునుగోడు వైపు పెద్దవారు ఆ సంగతిని ఫిజియోథెరపిస్టుకు ముందే చెప్పాలి. ఫ్లోరోసిస్‌తో ఎముకలు, సంధిబంధనాలు గట్టిపడి వచ్చే బిగువు వేరు, నరాల వల్ల వచ్చే బిగువు వేరు. మొదటిదాన్ని బలవంతంగా సాగదీస్తే గాయమవుతుంది. పైగా ఫ్లోరోసిస్ వెన్నుపామును నొక్కి కూడా కాళ్లను బలహీనపరచగలదు.

వ్యాయామంతో వచ్చిన మసక, తిమ్మిరి విశ్రాంతి తీసుకుంటే కాసేపట్లో సర్దుకోవాలి. జ్వరం లేకుండానే కొత్త లక్షణం 24 గంటలు దాటి నిలిస్తే వ్యాయామం ఆపి న్యూరాలజిస్టును కలవండి. జ్వరం ఉంటే ముందు దాని కారణాన్ని, ముఖ్యంగా మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌ను, చూపించుకోండి.