పుస్తకాల డిజైనర్ అవ్వాలంటే లోపలి పేజీలతో మొదలుపెట్టండి

కవర్లు వేయాలనే ఆశతో చాలామంది ఈ పనిలోకి వస్తారు. నేనైతే ముందు ఆరు నెలలు లోపలి పేజీలే పెట్టమంటాను. తెలుగు ప్రచురణల్లో కొత్తవాళ్లకి తేలిగ్గా దొరికేది డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) పని, అక్షరం ఒంటబట్టేదీ అక్కడే.

పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అందులో వాడే అను ఫాంట్లు తెలిసుండాలి, పాత పుస్తకాల ఫైళ్లు చాలావరకు వాటిలోనే ఉంటాయి కాబట్టి. చెయ్యి తిరగాల్సింది మాత్రం ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్ అక్షరాలతో. అందులో వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకోకపోతే వత్తులు చెదిరిపోతాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవాటిలో లోపలి పేజీలకి మండలి, శీర్షికలకి రామభద్ర వాడి చూడండి. అను నుంచి యూనికోడ్‌కి మార్చిన ఫైలైతే అక్షరం అక్షరం చదవాల్సిందే, 'సాఫ్ట్‌వేర్' కాస్తా ఫ కింద ట వత్తుతో పాటు వ వత్తు కూడా చేరి 'సాఫ్ట్వేర్' అయిపోతుంది.

ఇక లైన్ల ఎడం. ఇంగ్లిష్ పుస్తకం చూసి 12 పాయింట్ల అక్షరానికి 14 ఇచ్చారనుకోండి, పైలైన్లో 'స్త్రీ' కింద ఉన్న వత్తులు కింది లైన్లో 'కీర్తి' గుడిదీర్ఘాన్ని తగులుతాయి. నేను 18 దాకా ఇస్తాను. స్క్రీన్ మీద చూసి తేల్చుకోకండి, ఒక పేజీ ప్రింట్ తీసి ఇంట్లో పెద్దవాళ్లతో చదివించండి, వాళ్ల కళ్లు ఎక్కడ ఆగుతున్నాయో గమనించండి. లైన్లను రెండంచులకీ సమంగా సర్దినప్పుడు (జస్టిఫై) పొడుగు సమాసాల పక్కన పడే ఖాళీలను ఒక్కో లైనూ చూసి సరిచేయాలి, దీనికి అడ్డదారి లేదు.

వీలైనప్పుడల్లా ప్రెస్‌కి వెళ్లి నిలబడండి. మామూలు పుస్తకాల డెమ్మీ సైజులో ఒక ఫారం, అంటే ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యేవి, 16 పేజీలు. అందుకే 131 పేజీలు వస్తే 8 ఫారాలకి, అంటే 128కి సర్దాలి. నా రెండో కవర్‌కి స్పైన్ (పుస్తకం వీపు) వెడల్పు కాగితాల లెక్కన కాకుండా పేజీల లెక్కన వేశాను, 200 పేజీలంటే 100 కాగితాలేనని తట్టలేదు. స్పైన్ రెట్టింపై, దాని మీద ఉండాల్సిన పేరు అట్ట మీదికి జరిగింది, ఆ కవర్లన్నీ మళ్లీ వేయించాల్సి వచ్చింది. అప్పటినుంచి అదే కాగితంతో డమ్మీ (ఖాళీ నమూనా పుస్తకం) కట్టించి కొలవందే ఫైలు పంపను.

కవర్ అవకాశం ఎక్కువగా కవుల దగ్గర మొదలవుతుంది, సొంత ఖర్చుతో సంపుటి వేసుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. రాతప్రతి మొత్తం చదివాకే బొమ్మ ఆలోచించండి. అడ్వాన్స్ ఎంతో, మార్పులు ఎన్నిసార్లో ముందే మెసేజ్‌లో రాసుకోండి. ప్రచురణకర్తల్ని కలవాలంటే డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికో వెళ్లి పరిచయం చేసుకోండి, నమూనాలు చూపించడం మాత్రం ఆ హడావుడి తగ్గాక మార్చిలో పెట్టుకోండి. ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియకపోతే మీకు నచ్చిన పుస్తకాల రెండో పేజీ తెరవండి, ముఖచిత్రం ఎవరిదో, డీటీపీ ఎవరిదో చాలావాటిలో అక్కడే ఉంటుంది. మీరు చేసిన పుస్తకంలో ఆ చోట మీ పేరు పడిందో లేదో ఆఖరి ప్రూఫ్‌లో చూసుకోండి.