ఆర్వీలో కరెంటు సమస్యలు: ఎక్కడ చూడాలి, ఎలా సరిచేయాలి

"ఆర్వీలో కరెంటు పోయింది" అని ఫోన్ చేస్తే నేనేమీ చెప్పలేను. ఏ కరెంటు పోయిందో ముందు తేల్చుకోండి. ఆర్వీ అంటే ఇల్లులా కట్టిన బండి. అమెరికాలో అద్దెకు దొరికే మోటర్‌హోమ్ అయినా, సొంతంగా కొన్నదైనా, లోపల రెండు కరెంట్లు ఉంటాయి. లైట్లు, నీళ్ల పంపు, హీటర్ ఫ్యాను, ఫ్రిజ్ కంట్రోల్ బోర్డు 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. ఏసీ, మైక్రోవేవ్, గోడకున్న ప్లగ్ పాయింట్లు 120 వోల్టుల మీద నడుస్తాయి. లైట్లు వెలుగుతూ ఏసీ రాకపోతే ఒక దారి, ఏసీ తిరుగుతూ పంపు రాకపోతే ఇంకో దారి.

కొన్ని ప్లగ్ పాయింట్లు మాత్రమే పనిచేయడం లేదు

బాత్రూంలోకి వెళ్లండి. అక్కడ రెండు బటన్లున్న జీఎఫ్‌సీఐ అవుట్‌లెట్, అంటే కరెంటు లీకైతే తనే ఆపేసే ప్లగ్ పాయింట్ ఉంటుంది. కొన్ని బండ్లలో అది వంటగదిలో ఉంటుంది. రీసెట్ గట్టిగా నొక్కండి. ఆ ఒక్క బటన్ వెనకాల వంటగట్టు ప్లగ్‌లు, బయట గుడారం కింది ప్లగ్ అన్నీ వరసగా కట్టి ఉంటాయి. అందుకే బయటి ప్లగ్ వానకి తడిస్తే లోపల రైస్ కుక్కర్ ఆగిపోతుంది. ఈ బటన్ చూడకుండా ప్యానెల్ ఊడదీసి, ఫ్యూజులన్నీ పీకి, ఆ తర్వాత నాకు ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. తడి ఆరాక కూడా రీసెట్ నిలవకపోతే ఎక్కడో కరెంటు లీకవుతోంది. ఆ లైన్లో ఉన్నవన్నీ పీకేసి, ఒక్కొక్కటే పెట్టి చూడండి.

120 వోల్టులు అసలే లేవు

పెడెస్టల్ అంటే క్యాంపు సైట్‌లో బండికి కరెంటిచ్చే స్తంభం. దాని మీదున్న బ్రేకర్ చూడండి. పడిపోయిన బ్రేకర్ మధ్యలో ఆగి, ఆన్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. పూర్తిగా ఆఫ్ వైపు తోసి, తర్వాత ఆన్ చేయండి. లోపలి ప్యానెల్లో మెయిన్ బ్రేకర్‌తోనూ అంతే.

లైట్లు, పంపు, హీటర్ ఫ్యాను రావడం లేదు

తలుపు పక్కన "స్టోర్", "యూజ్" అని ఉండే బ్యాటరీ స్విచ్ స్టోర్‌లో ఉండిపోయిందేమో చూడండి. అదీ సరిగ్గా ఉంటే బ్యాటరీ వోల్టేజ్ కొలవండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండితే 12.6 దాకా చూపిస్తుంది. 12.2 అంటే దాదాపు సగం అయిపోయినట్టే. ఎల్లోస్టోన్ వెళ్లేవాళ్లకి ఇది బాగా అనుభవం. పార్కు లోపల పూర్తి హుకప్ (కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు) ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే, మిగతా చోట్ల బ్యాటరీయే దిక్కు. హీటర్ గ్యాస్‌తో మండినా ఫ్యాను తిరగడానికి 7-8 యాంపులు లాగుతుంది. 100 యాంప్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో వాడుకోదగ్గది సగమే, అంటే ఫ్యాను ఆగకుండా తిరిగితే ఆరేడు గంటలు.

ప్లగ్ పెట్టి గంటలు గడిచినా బ్యాటరీ దగ్గర 13 వోల్టులు దాటకపోతే కన్వర్టర్ (120 వోల్టులని 12కి మార్చే పెట్టె) ఛార్జ్ చేయడం లేదు. దాని బ్రేకర్, తర్వాత రివర్స్ పొలారిటీ ఫ్యూజులు (బ్యాటరీ తీగలు తారుమారు చేసి పెడితే పోయేవి) చూడండి.

బ్రేకర్ పదే పదే పడిపోతోంది

ఇది సమస్య కాదు, లెక్క. 30 యాంప్ కనెక్షన్ అంటే మొత్తం 3600 వాట్లు. ఏసీ సుమారు 13 యాంపులు, 1800 వాట్ల ఇండక్షన్ పొయ్యి 15, కరెంటు మీద పెట్టిన వాటర్ హీటర్ 12. మూడూ కలిపితే 40. సాంబారు మరిగేదాకా ఏసీ ఆపండి, లేదా వాటర్ హీటర్‌ని గ్యాస్‌కి మార్చండి. బ్రేకర్ పెద్దది వేయిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినొద్దు, వైరు అదే కదా.

ఏసీ మూలుగుతుంది, ప్లగ్‌లో పెట్టిన లైట్లు మసకబారతాయి, బ్రేకర్ మాత్రం పడదు

అసలు దొంగ ఇక్కడ ఉన్నాడు. చాలామందితో అనవసరంగా ఏసీ కెపాసిటర్లు, కంట్రోల్ బోర్డులు మార్పించింది ఇదే. టెక్సస్‌లో ఆగస్టు మధ్యాహ్నం ఏసీ కంప్రెసర్ ఎత్తుకోలేక ఆగిపోతుంటే ఎవరికైనా ఏసీ మీదే అనుమానం. మల్టీమీటర్ పెడితే 119 వోల్టులు, అంతా బాగున్నట్టే. కానీ కొలిచింది ఏసీ ఆపి ఉన్నప్పుడు. లోడ్ లేనప్పుడు కాలిపోయిన ప్లగ్ కూడా బంగారంలా కనిపిస్తుంది.

జరిగేది ఇది. ప్లగ్ పిన్నుకీ సాకెట్‌కీ మధ్య పట్టు వదులైతే అక్కడ కాస్త రెసిస్టెన్స్ పుడుతుంది. అర ఓమ్ అనుకోండి. 24 యాంపులు లాగితే 12 వోల్టులు అక్కడే మాయమవుతాయి, 288 వాట్ల వేడి బొటనవేలంత చోట పుడుతుంది. కరెంటు 30 దాటలేదు కాబట్టి బ్రేకర్‌కి ఏమీ తెలియదు. వేడికి సాకెట్ లోపలి స్ప్రింగ్ పట్టు ఇంకా వదులవుతుంది, రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. ఇటు వోల్టేజ్ తగ్గేకొద్దీ కంప్రెసర్ ఎక్కువ యాంపులు లాగి తనూ వేడెక్కుతుంది. ఈఎంఎస్ (వోల్టేజ్ కాపలా పెట్టె) పెట్టుకున్నవాళ్లకి 104 వోల్టుల దగ్గర అది కరెంటు ఆపేస్తుంది. అప్పుడు ఈఎంఎస్ చెడిపోయిందని తీసి పక్కన పెట్టేవాళ్లూ ఉన్నారు!

కనిపెట్టడం తేలిక. గోడ ప్లగ్‌లో గుచ్చే చిన్న వోల్ట్‌మీటర్ ఒకటి కొనండి. అన్నీ ఆపి రీడింగ్ రాసుకోండి, ఏసీ వేసి మళ్లీ రాసుకోండి. 30 యాంపులకి వచ్చే మందపాటి 25 అడుగుల తీగలో 24 యాంపులకి కూడా పోయేది ఒకటిన్నర వోల్టు లోపే. పదీ పన్నెండు వోల్టులు పడిపోతే ఎక్కడో జాయింట్ బాగాలేదు, లేదా పార్కు లైనే నీరసంగా ఉంది. ఏదో తేల్చుకోవడానికి అదే మీటర్ని పెడెస్టల్ మీదున్న 20 యాంప్ అవుట్‌లెట్‌లో పెట్టి చూడండి. లోపల ఏసీ వేసినప్పుడు అక్కడ కూడా అంతే పడిపోతే పార్కు తప్పు. అక్కడ నిలకడగా ఉండి లోపల మాత్రమే పడిపోతే 30 యాంప్ సాకెట్ నుంచి మీ బండి దాకా ఎక్కడో ఉంది.

ఇక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. పెడెస్టల్ దగ్గర ప్లగ్ చూసి, నల్లబడలేదు కాబట్టి బాగానే ఉందని వదిలేస్తారు. తీగకి రెండో కొస బండి పక్కన ఉంది, తిప్పి బిగించే కనెక్టర్. దాన్ని పూర్తిగా తిప్పకుండా, పైన రింగు బిగించకుండా వదిలేస్తే తీగ బరువుకే వదులైపోతుంది. లోడ్ వేసిన అరగంటకి రెండు కొసల్నీ బయటి ప్లాస్టిక్ మీద ముట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి నిలవకపోతే ఏసీ ఆపి, పెడెస్టల్ బ్రేకర్ ఆపి, అప్పుడు పీకండి. కాలిన పిన్ను ఒకటి మిగతావాటికంటే మాడు రంగులో ఉంటుంది, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి కొంచెం ఉబ్బి ఉంటుంది.

గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పెట్టేయొద్దు. ఆ కొస కత్తిరించి, అదే రేటింగున్న కొత్తది వేయండి. కాలిన సాకెట్‌లో కొత్త ప్లగ్ గుచ్చితే వారం తిరక్కుండా అదీ కాలిపోతుంది, కాబట్టి రెండు వైపులా మార్చాలి. పెడెస్టల్ వైపుదైతే ఆఫీసుకి చెప్పి వేరే సైట్ అడగండి. ఇదంతా మొదలయ్యేది ఎక్కువగా ఏసీ తిరుగుతుండగానే ప్లగ్ లాగడంతో. ప్రతిసారీ చిన్న మెరుపు వచ్చి పిన్ను మీద గుంటలు పడతాయి. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ బ్రేకర్ ఆపి ఉండాలి, అంతే.

రెండు కొసలూ చల్లగా ఉండి వోల్టేజ్ ఇంకా పడిపోతోందా? జనరేటర్ ఉన్న బండైతే ట్రాన్స్‌ఫర్ స్విచ్ (పెడెస్టల్ కరెంటుకీ జనరేటర్‌కీ మధ్య మార్చే పెట్టె) స్క్రూలు ప్రయాణంలో వదులై ఉండొచ్చు. షోర్ పవర్ (పెడెస్టల్ నుంచి వచ్చే కరెంటు), జనరేటర్, ఇన్వర్టర్ మూడూ ఆపకుండా ఆ పెట్టె తెరవకండి. అలవాటు లేకపోతే టెక్నీషియన్‌ని పిలవండి.

తలుపు పట్టుకుంటే జిల్లుమంటోంది

ఇది చూస్తూ కూర్చునేది కాదు. పిల్లల్ని, ముఖ్యంగా చెప్పుల్లేకుండా గడ్డిలో ఉన్నవాళ్లని, దూరంగా పంపి పెడెస్టల్ బ్రేకర్ ఆపండి. ఎర్త్ తెగి, ఎక్కడో లీకున్న కరెంటు బండి ఒంటి మీదకి వచ్చింది. సైట్ మార్చాక కూడా నాన్‌కాంటాక్ట్ టెస్టర్ (తాకకుండానే కరెంటు పసిగట్టేది) బండి దగ్గర కూస్తే తప్పు మీ తీగలోనో అడాప్టర్‌లోనో బండిలోనో ఉంది. నేలలో రాడ్ దిగేస్తే సరిపోతుందనేవాళ్లున్నారు. 25 ఓమ్‌ల రాడ్ గుండా 120 వోల్టులకి 5 యాంపులు కూడా పారవు, బ్రేకర్ కదలనే కదలదు. బండి అలాగే షాక్ కొడుతుంది.

ఇంట్లో ఆర్వీ ప్లగ్ పెట్టించేవాళ్లకి

30 యాంప్ ఆర్వీ అవుట్‌లెట్ 120 వోల్టులది. డ్రైయర్ ప్లగ్ లాంటిదే అనుకుని కొందరు ఎలక్ట్రీషియన్లు 240 కలిపేస్తారు. మొదటిసారి గుచ్చే ముందు కొలవండి, లేకపోతే మైక్రోవేవ్ నుంచి కన్వర్టర్ దాకా ఒకేసారి పోతాయి. 50 యాంప్ బండ్లలో ప్లగ్‌లో పెట్టిన లైట్లు కొన్ని మండిపోతున్నట్టు వెలిగి కొన్ని మసకబారితే న్యూట్రల్ తెగినట్టు. వెంటనే మెయిన్ ఆపండి.

ఎలుక కొరికిన వైరు, చచ్చిపోయిన బ్రేకర్, ప్యానెల్ లోపల కాలిన లోహపు పట్టీ లాంటివి లేకపోలేదు కానీ చాలా అరుదు. వాటి గురించి ముందే టెన్షన్ పడొద్దు. మెకానిక్‌కి ఫోన్ చేసేటప్పుడు మాత్రం ఏసీ ఆపినప్పుడు ఎంత వోల్టేజ్, వేసినప్పుడు ఎంత అనే రెండు అంకెలు చేతిలో పెట్టుకుని చేయండి.