లంబసింగి ఘాట్ ఎక్కేలోగా బ్రేక్ లివర్ పట్టి చూడండి

నవంబరు వచ్చిందంటే నర్సీపట్నం మీదుగా లంబసింగికి, పాడేరు మీదుగా వంజంగికి తెల్లవారకముందే బైకులు బారులు తీరతాయి. ఎక్కేటప్పుడు కష్టమంతా ఇంజన్‌ది. దిగేటప్పుడు భారం బ్రేకుల మీద, ముఖ్యంగా ముందు చక్రం మీద పడుతుంది. అందుకే కనీసం వారం ముందే ముందు చక్రం డిస్క్ బ్రేక్ లివర్‌ని శ్రద్ధగా పట్టి చూసుకోండి. అది ఓసారి గట్టిగా, ఓసారి మెత్తగా, ఇంకోసారి గ్రిప్ దాకా వస్తుంటే ఆ బండితో ఘాట్‌కి వెళ్లొద్దు.

ఎప్పుడూ మెత్తగా ఉండే లివర్‌ని ఎవరైనా మెకానిక్‌కి చూపిస్తారు. రోజుకో రకంగా ఉండేదాన్నే వదిలేస్తాం. రెండుసార్లు నొక్కితే బాగానే పడుతోందిలే అనుకుంటాం. నేనూ అలాగే రెండు నెలలు నడిపాను. బయల్దేరే ముందు చూపిస్తే మెకానిక్ బ్రేక్ ఆయిల్ పైన కాస్త నింపి పంపేశాడు. దిగేటప్పుడు ఒక మలుపు దగ్గర లివర్ పూర్తిగా వచ్చి గ్రిప్‌కి తగిలింది. సెకండ్ గేర్‌లో ఉన్నాను కాబట్టి వెనక బ్రేక్‌తో ఆగగలిగాను. వెనక కూర్చున్న తమ్ముడి చేతులు నా భుజాల మీద బిగుసుకుపోవడం ఇప్పటికీ గుర్తుంది.

తేడా ఎప్పుడు వస్తోందో గమనిస్తే సగం జబ్బు అక్కడే తెలుస్తుంది. పొద్దున్నే మొదటిసారి నొక్కితే లోపలికి పోయి, వెంటవెంటనే రెండు మూడుసార్లు నొక్కాక గట్టిపడితే, ఎక్కువగా బ్రేక్ ఆయిల్ వెళ్లే పైపు లైన్‌లో గాలి పట్టినట్టే. ఆయిల్ నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. ఎయిర్ తీయించేటప్పుడు పక్కనే నిలబడండి. హ్యాండిల్ మీది ఆయిల్ డబ్బా మధ్యలో ఖాళీ అయితే మళ్లీ గాలి దూరుతుంది. లివర్ నొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు బిగించే బోల్టులోనూ గాలి దాక్కుంటుంది, అక్కడా తీయమని అడగండి.

తర్వాత లివర్‌ని గట్టిగా నొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. మెల్లగా జారిపోతుంటే ఎక్కడో లీకు ఉంది. చక్రం దగ్గర డిస్క్‌ని పట్టే కాలిపర్, పైపు రెండు చివరలు, లివర్ కింద రబ్బరు తొడుగు తడిగా ఉన్నాయేమో చూడండి. అంతా పొడిగా ఉంటే మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్ల మీదే అనుమానం. ఆ వాషర్ల కిట్ మార్పించక తప్పదు.

ఇక అసలు మోసం చేసేది పాత ఆయిల్. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ బాగా పట్టాక ఆ హద్దు 155 దగ్గరికి పడిపోవచ్చు. ఘాట్‌లో బ్రేక్ పట్టుకునే దిగితే ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి, లివర్ మెత్తబడుతుంది. కిందికొచ్చి టీ తాగేలోపు చల్లారి మళ్లీ మామూలవుతుంది. ఊళ్లో మెకానిక్‌కి చూపిస్తే ఏమీ లేదనడం అందుకే. ఎత్తు దిగాకే మెత్తబడిందని మీరే చెప్పాలి. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే ఈ ట్రిప్‌కి ముందే మొత్తం మార్పించండి, సీలు తీయని డబ్బాతోనే. ఏ రకమో హ్యాండిల్ మీది ఆయిల్ డబ్బా మూత మీద రాసి ఉంటుంది. డాట్ 4 రాసి ఉన్నచోట సిలికాన్‌తో చేసే డాట్ 5 పోయకూడదు.

లెవెల్ తగ్గిందని వెంటనే నింపడం కూడా తప్పే. కాలిపర్ లోపల డిస్క్‌కి రాసుకునే ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ కిందికి దిగుతుంది. ముందు ప్యాడ్లు చూడాలి, తర్వాత లీకు చూడాలి.

గుంతల రోడ్డు దాటాక మాత్రమే లివర్ లోపలికి పోతోందా? ఒకరిని వెనక కూర్చోబెట్టి, డబుల్ స్టాండ్ మీద ముందు చక్రం లేపి, అటూ ఇటూ ఊపి చూడండి. చక్రంలో లూజు కనిపిస్తే బేరింగ్ పోయి ఉండొచ్చు. ఊగే డిస్క్ ప్యాడ్లని వెనక్కి నెట్టేస్తుంది, అందుకే తర్వాత లివర్ లోపలికి పోతుంది. నెమ్మదిగా ఆపుతున్నప్పుడు లివర్ వేళ్ల కింద తన్నుతుంటే డిస్క్ వంగిందేమో చూపించండి. చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండికి సడన్ బ్రేక్‌లో లివర్ తన్నడం మామూలే. వానల తర్వాత కాలిపర్ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుంటాయి, వాటికి తగిన గ్రీజు వేయించాలి. బయట కొన్న ఫ్యాన్సీ లివర్ వేసి ఉంటే వదిలినప్పుడు లివర్ కాస్త ఆడేంత ఖాళీ ఉందో లేదో చూడండి. ఖాళీ లేకపోతే వేడెక్కేకొద్దీ బ్రేక్ తనంతట తానే పట్టేస్తుంది.

కేబుల్‌తో పనిచేసే డ్రమ్ బ్రేక్ బండ్లకి ఈ ఆయిల్, డిస్క్ గొడవలు ఉండవు. కేబుల్ పోగులు తెగాయేమో, లోపలి లైనింగ్ అరిగిందేమో చూడండి.

రిపేరు అయ్యాక ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా నాలుగైదుసార్లు ఆపి చూడండి. ఘాట్ దిగేటప్పుడు సెకండ్ గేర్‌లో ఉండి, మలుపుకి ముందు గట్టిగా నొక్కి వదిలేయండి, దారంతా పట్టుకుని ఉండొద్దు. లివర్ మెత్తబడిందనిపిస్తే వెంటనే పక్కకి ఆపండి. డిస్క్ మీద నీళ్లు పోయొద్దు. చల్లారాక గట్టిపడినా ఇంకొకరిని ఎక్కించుకోకండి. అనుమానం తీరకపోతే బండిని ఏ వ్యాన్‌లోనో ఎక్కించి నర్సీపట్నం దాకా దించుకోండి.