స్లాబు పడని గోడ, ఎండాకాలం గాలి

ఏప్రిల్ నుంచి మృగశిర దాకా పాలమూరు, నల్లగొండ వైపు ఇళ్లు, కోళ్ల షెడ్ల పని జోరుగా నడుస్తుంది. సాయంత్రం పూట ఉన్నట్టుండి ఈదురుగాలి లేచేదీ ఆ నెలల్లోనే. 2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లా ఇంద్రకల్‌లో, ఇంకా కడుతున్న కోళ్ల షెడ్డు గోడ గాలివానకు కూలి నలుగురు చనిపోయారు. పాత గోడంటే అందరూ భయపడతారు. నాకు టెన్షన్ మాత్రం కొత్త గోడతోనే, అందులోనూ పైన ఇంకా స్లాబు పడనిదానితో.

గోడ పైనుంచి పడే బరువును బాగానే మోస్తుంది, పక్కనుంచి తోస్తేనే తట్టుకోలేదు. పైన స్లాబు ఉంటే గాలి తోపును పైనా కిందా రెండు చోట్లా ఆపుతుంది. లేకపోతే ఆ భారమంతా అడుగు వరుస మీదే. అదే ఎత్తు, అదే గాలికి, స్లాబున్న గోడను నడుమ వంచే బలం కంటే ఒంటరి గోడను అడుగున వంచే బలం నాలుగింతలు. రేకుల కప్పును స్లాబుతో సమానంగా లెక్కేయొద్దు.

మందం సంగతి ఇంకా కఠినం. నాలుగించుల గోడను ఆరడుగులు లేపారనుకోండి. మాల్ (ఇటుకల నడుమ పెట్టే సిమెంటు, ఇసుక ముద్ద) ఇంకా పట్టు పట్టలేదు కాబట్టి దాన్ని నిలబెట్టేది సొంత బరువొక్కటే. చదరపు మీటరుకు సుమారు 15 కిలోల తోపుకే అది పడిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల గాలి తోపు అంతకంటే ఎక్కువే. అదే తొమ్మిదించుల గోడైతే 60 కిలోల దాకా ఆగుతుంది. ఇటుక మిగులుతుందని నాలుగించుల ప్రహరీ లేపి, నడుమ పిల్లర్లు కూడా వద్దనుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూసుకోవాలి.

హాలో బ్లాకుల్లో, అంటే నడుమ రంధ్రాలున్న సిమెంటు దిమ్మెల్లో, సలాకలు (ఇనుప చువ్వలు) పెట్టి కడితే పక్క తోపుకు బలం వస్తుంది, నిజమే. గోడ ఒకవైపు వంగబోతే అటు బ్లాకు నలుగుతుంది, ఇటు సలాక లాగి పట్టుకుంటుంది. కానీ అలా పట్టుకోవాలంటే సలాక పునాదిలోంచే రావాలి. బేస్‌మెంట్ అయ్యాక పైనుంచి రంధ్రంలో దించిన ముక్క ఎందుకూ పనికిరాదు. గాలి ఏ వైపు నుంచైనా రావచ్చు కాబట్టి సలాక రంధ్రం నడిమధ్యలో ఉండాలి, ఒక అంచుకు ఒరగకూడదు. సన్న కంకర కాంక్రీటును కాస్త జారుగా కలిపి, నాలుగడుగులకు మించకుండా విడతలవారీగా పోసి కుక్కాలి. మా వైపు ఎక్కువగా చెడేది ఇక్కడే. వరుసలు పేర్చేటప్పుడు రాలిన మాల్ రంధ్రం అడుగున గడ్డకట్టి ఉంటుంది, దాని మీదే కాంక్రీటు పోసేస్తారు. బలం అన్నిటికన్నా కావలసిన చోటే సలాక చుట్టూ ఖాళీ. అందుకే అడుగు వరుసలో సలాక ఉన్న ప్రతి బ్లాకుకూ చిన్న కిటికీ కొట్టించి, కాంక్రీటుకు ముందు చెత్త తీయించండి. పోశాక చిన్న సుత్తితో కొట్టి చూడండి. నిండితే మొద్దుగా మోగుతుంది, లేకపోతే బోలుగా.

కంప్యూటర్‌లో మోడల్ చేసే కుర్ర ఇంజనీర్లకు ఒక మాట. గోడను కాంక్రీటు పలకలా గీసేస్తే సాఫ్ట్‌వేర్ అది లాగుడును హాయిగా మోస్తున్నట్టు చూపిస్తుంది. మాల్ పొరల దగ్గర గోడ విడిపోతుందన్న సంగతి మీరు చెప్తే తప్ప దానికి తెలియదు. ఇంకొకటి, కట్టడం పూర్తయ్యాక ఉండే రూపానికే లెక్క చేసి ఊరుకోవద్దు. స్లాబు లేని మే నెల గోడకు విడిగా లెక్క చేయాలి.

సైటులో రోజుకు మీటరుకు మించి గోడ లేపనివ్వొద్దు. ఈ ఎండకు మాల్ తొందరగా ఎండిపోతుంది కానీ గట్టిపడదు, కనీసం వారం రోజులు పొద్దునా సాయంత్రం నీళ్లు పట్టాల్సిందే. ఒంటరి గోడకు సర్వి బాదులతో (సరుగుడు కర్రలతో) రెండు వైపులా పోట్లు, అంటే ఏటవాలు ఆనింపులు, పెట్టించండి. ఒకవైపే పెడితే రెండో వైపు పడుతుంది. పోటు కాలు వదులు మట్టి మీద కాకుండా మేకు దిగ్గొట్టి ఆపాలి. మధ్యాహ్నం సద్దులు విప్పేది, చంటిపిల్లకు ఉయ్యాల కట్టేది గోడ నీడలోనే కదా. ఆ నీడను వేరే చోట పందిరేసి ఇవ్వండి. మబ్బు పట్టగానే అందరినీ గోడ ఎత్తుకు మించిన దూరానికి పంపించాలి.

ప్రహరీకి ఆనించి ఇసుక, మొరం పోయించొద్దు. గోడ వెనక మీటరు ఎత్తు నీళ్లు నిలిస్తే ప్రతి మీటరు పొడవునా 500 కిలోల తోపు. అడుగున నీళ్లు పోయే తూములు పెట్టించి, వానకు ముందు అవి పూడిపోకుండా చూసుకోండి.

అడుగు వరుస దగ్గర అడ్డంగా, పొడవునా సాగే సన్నని బీట కనిపిస్తే పైన సిమెంటు పూసి మూయొద్దు. గోడ అప్పటికే ఒకసారి వంగి మళ్లీ కూర్చుని ఉండవచ్చు. తూకం గుండు వేసి చూసి, వాలితే పై వరుస నుంచి ఒక్కొక్కటే విప్పించి మళ్లీ కట్టించండి.