బాల్కనీ కంపోస్టు బకెట్‌లో కంపు, పురుగులు: నాకు పనిచేసింది ఇది

మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన, అడుగున నల్లటి నీళ్లు, పైన తెల్ల పురుగులు. వేపపిండి, పుల్ల మజ్జిగ, కొన్న కంపోస్టు పొడి వేసి చూశా, దేని ఫలితమూ నిలవలేదు.

చివరికి మొత్తం గోనెసంచి మీద బోర్లించి నీడలో ఆరబెట్టి, బకెట్ అడుగునా పక్కలా బెజ్జాలు పెట్టి, కొబ్బరి పీచు పరిచి, ఆరినదాన్ని మళ్లీ వేశాను. అప్పట్నుంచి ఒక గిన్నె తొక్కలకి రెండు గిన్నెల ఎండాకులు (పార్కులో ఊడ్చి తగలబెట్టేవే, ఊరికే దొరుకుతాయి). తడి ఎక్కువై గాలి ఆడకపోతేనే ఆ కంపు, అందుకే గుప్పెట్లో గట్టిగా పిండితే నీళ్లు కారకూడదు, చెయ్యి చెమ్మగా అనిపిస్తే చాలు. వారానికి రెండుసార్లు కర్రతో అడుగు దాకా కలుపుతున్నా. అన్నం, వండిన కూరలు మాత్రం ఇప్పటికీ వేయను.

హైదరాబాద్ ఎండలో కుదిరింది, విశాఖ ఉక్కపోతలో ఆకులు ఇంకా ఎక్కువ పడతాయేమో.